కామరాజు అడ్వాన్సు సంతకాలు

సినిమాలో నిజాయితీ గల పోలీసు ఎలా ఉంటాడో కామరాజుకి బాగా తెలుసు. జీపు ఆగకముందే దూకేస్తాడు. వానలో కూడా నల్లకళ్ళద్దాలు తియ్యడు. పై ఆఫీసరు లంచగొండి అయితే వాడి బల్ల మీదే కాలు పెట్టి మాట్లాడతాడు. ఇంటర్వెల్ లోపు ఉద్యోగం ఊడుతుంది. ఆ తర్వాత యూనిఫాం లేకుండానే పోర్టులో నలభై మందిని కంటైనర్ల మీంచి కిందకి విసిరేస్తాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ పోర్టు సరుకే మోస్తున్న కామరాజుకి ఒక్క అనుమానం మాత్రం తీరలేదు. అంతమంది ఎగిరి పడుతుంటే ఆ పూట లోడింగు ఎవరు చేస్తారు?

అనుమానం సంగతి ఎలా ఉన్నా, ఆ రకం సినిమా ఒక్కటీ వదల్లేదు.

కామరాజు కళాసీ. ఇల్లు కంచరపాలెంలో, పని గోదాముల సెంటర్లో. లారీ వస్తే మూటలు దించుతాడు, రాకపోతే టీకొట్టు బల్ల మీద కూర్చుంటాడు. టీకొట్టుకి సరిగ్గా ఎదురుగా పోలీస్ స్టేషను. అతను చదివింది ఐదో క్లాసే గానీ సంతకం మాత్రం కలెక్టరు పెట్టినట్టు పెడతాడు. రెండు మెలికలు, కింద ఒక గీత, గీత కింద రెండు చుక్కలు. ఆ సంతకమే అతన్ని గొప్పవాణ్ణి చేసింది.

పోలీసులు ఎక్కడైనా దొంగసరుకు పట్టుకుంటే, గౌరవనీయులైన స్థానికులు ఇద్దరు పక్కనుండి, కళ్ళారా చూసి, కాగితం మీద సంతకాలు చెయ్యాలట. వాళ్ళని మధ్యవర్తులంటారు. అసలైన గౌరవనీయులు పిలిస్తే రారు, వాళ్ళకి పనులుంటాయి. కామరాజు పిలిస్తే వస్తాడు, పిలవకపోయినా అక్కడే ఉంటాడు. అలా తొమ్మిదేళ్ళలో అతను కళ్ళారా చూసిన సరుకు అంతా ఇంతా కాదు. నాటుసారా చూశాడు, గంజాయి చూశాడు, మెడల్లోంచి తెంపిన గొలుసులు చూశాడు. అన్నీ స్టేషనుకి వీపు పెట్టి టీ తాగుతూనే చూశాడు.

హెడ్ కానిస్టేబుల్ శ్రీరామ్మూర్తి మామూలు రోజుల్లో అతన్ని "ఒరే, దారికడ్డం లెగు" అంటాడు. సంతకం కావలసిన రోజు మాత్రం "కామరాజుగారూ" అంటాడు. ప్రపంచంలో అతన్ని 'గారూ' అనే మనిషి ఆయనొక్కడే. కాదనడం ఎలా?

మధ్యలో ఒకసారి అలేఖ్య అని కొత్త ఎస్సై వచ్చింది. సన్నగా ఉండేది, పవరు కళ్ళజోడు. జీపు పూర్తిగా ఆగాకే దిగేది. సంతకం పెట్టబోతున్న కామరాజు చేతిలోంచి పెన్ను తీసుకుని అడిగింది.

"నువ్వు చూశావా?"

తొమ్మిదేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది. కామరాజు బుర్ర గోక్కున్నాడు.

"ఎవులేనా సూడమంటే సూత్తానండి."

ఆమె ఆ కాగితం చింపేసింది. ఎవరినీ తన్నలేదు, వెనకాల పాటేమీ రాలేదు. నలభై ఒకటో రోజున ఆమెని ట్రాఫిక్‌కి మార్చేశారు. కామరాజుకి ఆమె పెద్దగా నచ్చలేదు. పోలీసంటే అలాగా ఉండేది?

తర్వాత నాలుగు నెలలకి ఒక శుక్రవారం కొత్త పోలీసు సినిమా విడుదలయింది. కామరాజు ఉదయం తొమ్మిదింటికే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పాలపాకెట్లు సంచిలో వేసుకుని బయల్దేరాడు. స్టేషను గేటు దగ్గర శ్రీరామ్మూర్తి ఆపాడు.

"కామరాజుగారూ, ఎక్కడికండీ ఆ పరుగు?"

"మార్నింగ్ షోకండి. పోలీసు సినిమా. లంచాలు తిన్నోళ్ళని వరసగా నిలబెట్టి తంతాడట."

"తన్నాలి, తన్నాలి. అలాంటోళ్ళని వదలకూడదు." శ్రీరామ్మూర్తి నాలుగు తెల్లకాగితాలు చాపాడు. "మీరు వెళ్ళిపోతే మళ్ళీ సాయంత్రం దాకా దొరకరు. అడుగున నాలుగు గీకేసి పొండి."

"ఏటి కేసండి?"

"ఇంకా అవ్వలేదు."

కామరాజు గోడకి ఆనించి నాలుగు సంతకాలూ గీకేశాడు. తొందరలో కూడా చుక్కలు మర్చిపోలేదు. సినిమా అదిరిపోయింది. దొంగ సాక్ష్యం చెప్పినవాణ్ణి హీరో జెండా కర్రకి కట్టి కొడుతుంటే కామరాజు సీటెక్కి ఈల వేశాడు.

మర్నాడు సెంటర్‌కి వెళ్తే గౌస్ గొడుగు ముడిచి ఉంది.

గౌస్ తాళంచెవులు చేస్తాడు. టీకొట్టు పక్కనే పెద్ద నల్లగొడుగు, దాని కింద హార్మోనియం పెట్టంత చెక్కపెట్టె. పదిహేనేళ్ళుగా ఇద్దరూ ఒకే నీడలో కూర్చుని ఒకరినొకరు "బావా" అనుకున్నవాళ్ళు. సంగతేమిటంటే, స్టేషనులో పట్టుకుని ఉంచిన మోటారు సైకిలు ఒకటి శ్రీరామ్మూర్తి బావమరిదికి నచ్చింది. దానికి చెవి చేసిమ్మంటే గౌస్, "బండి కాయితాలు సూపించండి సార్, క్షణంలో సేసిత్తాను" అన్నాడు. నిజానికి గోదాముల సెంటర్లో పోలీసుకి ఎదురుచెప్పిన మొనగాడు ఆ ఒక్కడే. వెనకాల పాట లేకపోవడంతో ఎవరూ గమనించలేదు.

ఆ మాటన్న వారం తిరక్కుండా ఒక గోదాములో ఏలకుల బస్తాలు పోయాయి. తాళం పగలలేదు కాబట్టి దొంగ తాళాలు తెలిసినవాడే. ఎంత తెలివైన దర్యాప్తు! తాళంచెవుల మనిషి పెట్టెలో వెతికితే ఇరవై ఏడు తాళంచెవులు దొరికాయి. ఇంకేం సాక్ష్యం కావాలి? అయినా ఎందుకైనా మంచిదని అరకిలో ఏలకులు కూడా దొరికాయని రాశారు. మధ్యవర్తుల సమక్షంలో దొరికాయి. మొదటి మధ్యవర్తి కామరాజు. రెండోవాడు టీకొట్టు ముసలాయన.

గౌస్ జైలుకి వెళ్ళి బెయిలు మీద వచ్చాడు. మళ్ళీ గొడుగు వేశాడు గానీ తాళాలు చేయించుకునేవాళ్ళు దూరం జరిగారు. దొంగ అని పేరు పడ్డవాడి చేతికి ఇంటి తాళం ఎవరిస్తారు? అతను కామరాజు వైపు చూసి ఒక్క మాటే అన్నాడు.

"నమస్తే, కామరాజుగారూ."

ఆ 'గారూ' తొమ్మిదేళ్ళ 'గారూ'లన్నిటికన్నా గట్టిగా తగిలింది.

ఏడాది దాటాక కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. టీకొట్టు ముసలాయన అప్పటికే చనిపోయాడు. ఇక కేసు నిలబడినా పడినా కామరాజు మాట మీదే. గౌస్ భార్య షగుఫ్తా వకీలు ఇచ్చిన కాగితం పట్టుకుని కంచరపాలెం వచ్చింది.

"అన్నా, ఒక్కటే అడుగుతాను. ఆయన పెట్టెలో ఏలకులు నువ్వు సూసినావా?"

కామరాజు గోడవైపు తిరిగాడు. "సంతకం నాదే గాని..."

"సంతకం అడగలేదన్నా."

ఇడ్లీలు దించుతున్న అతని భార్య నాగమణి అక్కణ్ణుంచే అడిగింది. "ఆ కాయితంలో ఏ రోజని రాసినారు, షగుఫ్తా?"

షగుఫ్తా తారీకు చదివింది. "శుక్రవారం. పదకొండు నుంచి పన్నెండున్నర దాకా, పెట్టె తెరిపించి సూసినారంట."

నాగమణి గరిటెతో గోడ చూపించింది. అక్కడ కామరాజు గంజితో అంటించుకున్న పేపరు ముక్క ఉంది. ఊళ్ళో అందరికీ చూపించుకున్న ముక్కే. పోలీసు హీరో కటౌటు, దాని భుజం మీదికి ఎక్కి పాలు పోస్తున్న కామరాజు. కింద అచ్చులో, అదే తారీకుతో: 'శుక్రవారం ఉదయం పదకొండున్నర గంటల ఆటకు ముందు అభిమానుల పాలాభిషేకం.'

"పదకొండుకి నువ్వు గౌస్ పెట్టికాడుంటే, ఆ అట్టబొమ్మకి పాలోస్తన్నది ఎవుడు? నీ తమ్ముడా? మనింట్లో టీకి పాల్లేవు, బొమ్మకి పాకెట్లకి పాకెట్లు పోసినావని ఆ రోజే నాను మొత్తుకున్నాను."

"ఒలే, తెల్లకాయితం మీద సంతకం పెట్టీసినానని కోర్టులో సెప్తే నన్నూ లోపలెట్టెత్తారే. ఆ సెంటర్లో మళ్ళీ మూట ముట్టనిత్తారా?"

"ముట్టనివ్వరు. సినిమాలో ఆడు ఎదిరించినాడని సీటెక్కి ఈలలేసినావు కదా. ఆడికి ఎదిరించినందుకు డబ్బులిచ్చినారు. నీకెవులూ ఇవ్వరు. అయినా సెప్పు."

షగుఫ్తా లేచి తడిగుడ్డతో ఆ పేపరు ముక్కని అంచులు చిరక్కుండా గోడ మీంచి ఊడదీసింది. దాని వెనకాల సున్నం కూడా కొంచెం వచ్చింది.

కోర్టు వరండాలో శ్రీరామ్మూర్తి పాఠం చెప్పాడు. "పెట్టె తెరిచారు, ఏలకులు తీశారు, సంతకం చేశాను. మూడే ముక్కలు. ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఎలా చూసుకున్నాం, కామరాజుగారూ!"

కామరాజు బోనెక్కాక గౌస్ వకీలు మూడు ముక్కలూ అడగలేదు. పేపరు ముక్క ముందు పెట్టి ఒకటే అడిగాడు.

"నువ్వు చూశావా?"

కామరాజు గౌస్ వైపు చూశాడు. గౌస్ ఇటు చూడటం లేదు, జేబులోని తాళంచెవి గుత్తి వేళ్ళతో తడుముకుంటున్నాడు.

"లేదండి. పాలోస్తన్నానండి. పొద్దున్నే తెల్లకాయితాల మీద సంతకాలెట్టీసి సినిమాకి పోయాను."

ప్రభుత్వం వకీలు లేచి ఈ సాక్షి ఎదురుతిరిగాడన్నాడు. బతుకులో మొదటిసారి కోర్టులో నిజం చెబితే వచ్చిన బిరుదు అది. మేజిస్ట్రేటు కళ్ళజోడు దించి, బుద్ధుందా, చూడకుండా ఎలా పెట్టావని కేకలేశారు.

"సూడమంటే సూసీవోణ్ణండి బాబు. ఎవులూ సూడమన్నేదు. ఒకమ్మ అడిగింది. ఆవిణ్ణి మార్చీసినారు."

కోర్టులో ఎవరో నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు, రాసుకున్నారు.

మూడు నెలలకి కేసు కొట్టేశారు. సినిమాలో అయితే అప్పుడు జెండా ఎగరాలి. గోదాముల సెంటర్లో మాత్రం లారీలు ఆగే చోట పోలీసుల ఇనప అడ్డాలు ఎగిరి వచ్చి వాలాయి. కళాసీలంతా మూటలతో రెండు వీధులు ఎక్కువ నడవాల్సి వచ్చింది. నడుస్తున్నంతసేపూ కామరాజుని తిట్టారు. శ్రీరామ్మూర్తికి ప్రమోషను వచ్చింది.

ఒకరోజు కొత్త కానిస్టేబులు కాగితం పట్టుకుని టీకొట్టుకొచ్చాడు. "ఎవరైనా ఇద్దరు సంతకం పెట్టండి."

"ఏటి రాసున్నాదో సదివి ఇనిపించండి బాబు," అన్నాడు కామరాజు.

కానిస్టేబులు కిడ్నీ అడిగినట్టు చూశాడు. గొడుగు కిందనుంచి ఆకురాయి చప్పుడు ఆగింది.

"బావా, నా కళ్ళజోడు కావాలేటి?" అన్నాడు గౌస్.

కానిస్టేబులు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పక్కనున్న ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళాడు. ఇస్త్రీవాడు పెట్టె దించి సంతకం పెట్టేశాడు. గౌస్ పెట్టె కొంచెం పక్కకి లాగి గొడుగు నీడలో చోటు చేశాడు. కామరాజు కూర్చున్నాడు.

"శుక్రవారం మళ్ళీ పోలీసు సినిమా వత్తన్నాదంట," అన్నాడు గౌస్. "ఎల్దామేటి?"

"నాకొద్దెహె. సూసింది సాల్లే."

"మార్నింగ్ షోకే పోదాం బావా. ఆ టైములో మన మీద ఏటి రాసినా సెల్లదు. పాలు మాత్రం నువ్వే తేవాల."