ఇటుకల సంచితో కన్యాకుమారి

రిహార్సల్ లేనిదే ఎబినేజర్ తుమ్మడు కూడా. మంథని చర్చిలో ఏళ్ల తరబడి క్రిస్మస్ నాటకం ఆడించిన మనిషి. లైన్‌మన్‌గా రిటైరయ్యాక నాటకం వదిలి దేశం మీద పడ్డాడు. దేశమంతా తిరగాలని ప్లాను. ప్లాను వేసిన ప్రతి ఊరికీ ముందు ఇంట్లో రిహార్సల్.

"దేశమంటే మన మంథని బజారనుకున్నవా?" అనేవాడు భార్య సాయవ్వతో. "ఊరికో భాష, ఊరికో తిండి. తయారుగాకుండ పోతే ఆగమైతం."

కాశ్మీరు రిహార్సల్ మే నెలలో పెట్టాడు. చేపల దుకాణం నుంచి ఐసు గడ్డలు తెచ్చి, నడింట్లో పేర్చి, సాయవ్వకు స్వెట్టరు తొడిగి మధ్యలో కూర్చోబెట్టాడు. ఇల్లంతా చేపల కంపు. పక్కింటి రాజయ్య తొంగిచూసి, "ఏందే అన్నా, మంచు పడ్డదా?" అన్నాడు.

"పడ్డది. జర తలుపు మూసిపో, చల్లదనమంత పోతుంది!"

రాజస్థాన్‌కు ఒంటె కావాలి. దొరకలేదు. పాలుపోసే హనుమండ్లు దగ్గర బర్రెను అడిగి తెచ్చి ఎక్కాడు. అది ఆయనతో సహా పోయి బురదలో పడుకుంది. కేరళ కోసం వారం రోజులు అన్ని కూరలూ కొబ్బరినూనెతోనే వండించాడు. పెంపుడు పిల్లి ఇల్లు వదిలి రాజయ్య ఇంట్లో చేరింది.

ఇన్ని వేషాలు వేసినా సాయవ్వ అడిగింది ఒక్కటే, సముద్రం. దానికీ రిహార్సలే. తొట్టిలో ఉప్పు కలిపిన నీళ్లు పోసి, అందులో కాళ్లు పెట్టి నిలబడమన్నాడు. చర్చిలో ఆడవాళ్లు "సాయవ్వక్కా, సముద్రం సూసినవా?" అని నవ్వితే ఆమెకు ప్రాణం చచ్చిపోయేది.

"నేను సచ్చేలోపు సూస్తనా? లేకుంటె సచ్చుడుకు గూడ రిహార్సల్ జేయిస్తవా?" అంది ఒకరోజు ఒళ్లు మండి.

"అది డైరెక్టుగనే," అన్నాడు ఎబినేజర్ తాపీగా.

అన్నిటికంటే పెద్ద తమాషా బస్సు రిహార్సల్. ఏ ఊరికి పోవాలన్నా రైలు పెద్దపల్లిలోనే ఎక్కాలి, అక్కడిదాకా బస్సే దిక్కు. సంచీలో సామాను బరువుకు సరిపడా ఇటుకలు నింపి, సాయవ్వను కిటికీ పక్కన కూర్చోబెట్టి, చేతిలో నిమ్మకాయ పెట్టేవాడు. మొదటిసారి బస్సు ఊరు దాటగానే, "ఆపు! తాళమెయ్య మరిచిన!" అని కేకపెట్టి దించేశాడు. తర్వాతిసారి ఇంకో ఊరి దాకా పోయాక కళ్లద్దాలు మరిచాడు. ఆపైసారి ఇంకాస్త దూరం పోయాక కట్టుడు పండ్ల సెట్టు, అదీ నోట్లో పెట్టుకునే.

"రిహార్సల్ పెద్దాయన ఎక్కిండు! ఇయ్యాల ఏడ దిగుతడో!" అని కండక్టర్ అంటే బస్సంతా నవ్వేది.

ఊళ్లో ఒకటే మాట: ఎబినేజర్‌కు బస్సు పడదు, అందుకే ఈ నాటకాలు. పెళ్లినాడు పెళ్లిబస్సులో కొత్త అంగీ నిండా వాంతి చేసుకున్నాడని పెద్దవాళ్లు సాక్ష్యం చెప్పేవారు. ఆ మాట వచ్చినప్పుడల్లా సాయవ్వ కొంగు సర్దుకుని లోపలికి పోయేది.

మొన్న చలికాలం పోతుండగా మళ్లీ బస్సెక్కించాడు. ఆ రోజు ఏదీ మరవలేదు. దారి పొడుగునా కండక్టర్‌తో జగడమాడుతూనే ఉన్నాడు. సాయవ్వ నవ్వుతూ వింటుండగానే పెద్దపల్లి వచ్చేసింది. స్టేషన్‌లోకి నడిచారు. రైలు వచ్చి ఆగింది.

"ఎక్కు," అన్నాడు.

"ఎక్కి? మల్లేం మరుస్తవు?"

"ఎక్కవే!"

రైలు కదిలింది. సాయవ్వ గాబరాగా సంచి విప్పింది. పైన ఆమె పట్టుచీర.

"ఇటుకలేవయ్యా?"

"ఇటుకలు కన్యాకుమారిల ఏంజేస్కుంటం?"

ఎబినేజర్ కిటికీ వైపు చూస్తూ, "నిజంగ పోతున్నమని ముందే జెప్తె భయానికే నీకు కడుపుల తిప్పుతుండె. నీ మొఖం తెల్లబడ్డప్పుడల్లా దించిన. జరంత జరంత అలవాటైంది," అన్నాడు.

పెళ్లినాడు ఆ అంగీ మీద వాంతి చేసింది సాయవ్వ. ఎవరు చేశారని అడిగితే "నేనే" అని మీదేసుకున్నది ఎబినేజర్. ఇన్నేళ్లలో ఆయన అది మరిచే ఉంటాడని ఆమె నమ్మకం. పండ్ల సెట్టు మరిచే మనిషి కదా! నిమ్మకాయ వైపు చూసుకుంది. ముద్దొచ్చాడు ముసలాయన. పైకి మాత్రం, "ముందుగాల జెప్తె నీ సొమ్మేం పోతుండె?" అని కసిరింది.

కన్యాకుమారిలో సముద్రం తొట్టి కంటే కొంచెం పెద్దగానే ఉంది. సాయవ్వ చిన్నపిల్లలా ముందు నడిచి పడవెక్కింది. పడవ అటూ ఇటూ ఊగింది. ఎబినేజర్ మొహం పాలిపోయింది. గోదావరి ఒడ్డున పుట్టి కూడా పడవకు రిహార్సల్ పెట్టడం మరిచాడు. కొత్త అంగీ ఖరాబైంది.

సాయవ్వ నిమ్మకాయ ఆయన చేతిలో పెట్టి, కొంగుతో మూతి తుడిచింది.

"ఫికర్ చెయ్యకు," అంది. "ఎవలన్న అడిగితె నేనే అంట."