అన్నయ్య గుండెకు ఏ జబ్బూ లేదు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇక దించేస్తాను. ఓదార్చమని కాదు. వినండి, చాలు.

అన్నయ్యది జగ్గయ్యపేటలో హోల్‌సేల్ కిరాణా కొట్టు. నేను నందిగామలో పత్రికా విలేకరిని. అన్నయ్యకు షుగరు. ఎడమ కాలి చిటికెన వేలు నల్లబడితే పసుపు అద్ది, పైన సాక్సు తొడిగి, ఎవరికీ చూపించకుండా తిరిగాడు. వాసన వచ్చాక వదిన నాకు ఫోన్ చేసింది. బెజవాడ తీసుకెళ్లాను. కాలి రక్తనాళం పూడుకుపోయింది, పాదానికి రక్తం అందడం లేదు, ముందు నాళాన్ని బెలూన్‌తో తెరవాలి, అది చేయకుండా వేలు తీస్తే గాయం మానదు, చివరికి కాలే పోవచ్చు అన్నారు డాక్టరు.

అన్నయ్య వినలేదు.

"కాల్లో బెలూనేంట్రా, తిరనాళ్లా? వేలు కోసి పారెయ్యమను. సోమవారం సరుకు దిగుద్ది, నేనుండాలి."

"కాలికి కాదన్నయ్యా. నీకు చెప్పొద్దన్నారు గానీ, గుండెలో బ్లాకుందంట."

ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"గుండెకా? మరైతే చేయించెయ్‌రా."

మా వాళ్లలో గుండెకున్న మర్యాద కాలికి లేదు. స్టెంటు వేయించుకున్నవాణ్ణి చూడ్డానికి బత్తాయిలు పట్టుకొస్తారు. కాలికి కట్టున్నవాడి దగ్గర ముక్కు మూసుకుంటారు. అది తెలిసే ఆ మాట అన్నాను. పేషెంటుకు అన్నీ చెప్పారా అని డాక్టరు అడిగితే చెప్పానన్నాను. గుండెకు చేసేటప్పటిలాగే గొట్టం గజ్జల దగ్గర నుంచే వెళ్లింది కాబట్టి అన్నయ్యకు అనుమానం రాలేదు. నాళం తెరుచుకుంది. వేలు పోయింది, పాదం దక్కింది.

ఇందులో నేను సిగ్గుపడేది లేదు. మళ్లీ ఆ గదిలో నిలబెడితే మళ్లీ అదే మాట అంటాను. ఆయన ఒంటి మీద నీకేం హక్కు అంటారా? అనండి. రెండు కాళ్ల మీద నిలబడ్డ అన్నయ్యను చూపిస్తాను.

మరి బరువెక్కడ? ఆ తర్వాత. ఇంటికొచ్చిన వారంలోనే నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. గుండె జబ్బు మనిషినని ఆయన మెట్లెక్కడం మానేశాడు. రోజూ నడవాలి, నడిస్తేనే కాల్లో రక్తం ఆడుతుందని డాక్టరు చెప్పినా, గుండెకు శ్రమ అని వదిన గుమ్మం దాటనివ్వలేదు. చివరికి, ప్రాణంగా చూసుకున్న కొట్టును అమ్మేశాడు. బేరం జరిగిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. నోరు తెరిస్తే ఆగిపోయేది.

ఎందుకు తెరవలేదు? ఆయన కోపానికి భయపడ్డానా? లేక, తమ్ముడు తన గుండెను కాపాడాడని వచ్చినవాళ్లందరికీ ఆయన చెప్తుంటే ఆ పొగడ్త నాకు రుచించిందా? ఊళ్లోవాళ్ల తప్పులన్నీ పేపర్లో వేసినవాణ్ణి, దీన్ని మాత్రం పేరు పెట్టి పిలవడానికి ఇన్నేళ్లు పట్టింది. రుచించింది. నేను దాచింది అదే.

మొన్న చెప్పేశాను. అన్నయ్య పూర్తిగా విన్నాడు. తిట్టలేదు.

"ఆ రోజు చెప్పింది సర్లేరా. కొట్టు అమ్మేటప్పుడు ఏం చేస్తన్నావ్?"

"నీ పక్కనే కూర్చున్నా అన్నయ్యా."

ఆయన లేచి, చెప్పులేసుకుని, ఒక్కడే వీధిలోకి నడిచాడు. నన్ను రమ్మనలేదు. క్షమించమని నేనూ అడగలేదు. ఆయన మలుపు తిరిగేదాకా చూస్తూ కూర్చున్నాను. చాలా ఏళ్ల తర్వాత నాకు ఊపిరి నిండుగా ఆడింది.