గురూజీ బొమ్మ పక్కన దీపం

2002 ఎండాకాలం. నాందేడ్‌లో వజీరాబాద్ బజారు వెనక గల్లీలో నాకొక డీటీపీ దుకాణం ఉండేది. డీటీపీ అంటే కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చి, పేజీ తయారుచేసి ప్రెస్సుకు పంపే పని. పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు, లెటర్‌హెడ్లు తెలుగు, మరాఠీ, హిందీ మూడింటిలోనూ చేసేవాణ్ని. నలభై ఎనిమిదో ఏట కంప్యూటర్ నేర్చుకున్నవాణ్ని కాబట్టి, నేర్చుకున్న ప్రతిదాని మీదా నాకు ఉండాల్సినదానికంటే ఎక్కువ గర్వం ఉండేది.

ఆ ఏడాది గురూజీకి డెబ్బై అయిదేళ్లు నిండుతున్నాయి. మా వైపు దాన్ని అమృత మహోత్సవం అంటారు. సభ పెట్టి, శాలువా కప్పి, ఆ మనిషి చేసిన మంచినంతా రాసిన మానపత్రం చదివి చేతికిస్తారు. గురూజీ బిలోలి తాలూకా పల్లెల్లో ముప్పై ఏళ్లు చదువు చెప్పి, తర్వాత నాందేడ్‌లో స్థిరపడ్డారు. ఆయన శిష్యులు భివండీ, సూరత్, పుణే దాకా చెదిరిపోయారు. అందరికీ కబురు అందాలని, పుణేలో ఒక శిష్యుడు నడిపే తెలుగువాళ్ల వెబ్‌సైటు మీద ఒక బ్యానర్ పెట్టాలని కమిటీ అనుకుంది.

ఆ పని నా దగ్గరికి తెచ్చింది భూమన్న. అతని తల్లిదండ్రులకు సెంటు భూమి లేదు, ఇద్దరూ కూలికి పోయేవాళ్లు. గురూజీ వాళ్ల గుడిసెకు వెళ్లి, బతిమాలి, అతన్ని తెచ్చి బడిలో కూర్చోబెట్టారు. చదువు ఏడో తరగతితో ఆగినా ఇప్పుడు నాందేడ్‌లో సొంత బట్టల దుకాణం నడుపుతున్నాడు. మానపత్రం చదివే పని కమిటీ అతనికే అప్పగించింది.

"కాకా, పదిహేను దినాల సంది సదువుతున్న. కండ్లు మూస్కొని గూడ సెప్తా," అన్నాడు నవ్వుతూ. "మా అవ్వ అయితె నిద్రల గూడ సదువుతున్నవురా అంటున్నది."

ఇక బ్యానర్ సంగతి. నాలుగు వందల అరవై ఎనిమిది చుక్కల వెడల్పు, అరవై చుక్కల ఎత్తు ఉండే సన్నటి పట్టీ అది. ఇమేజ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని తర్వాత ఒకటి వచ్చే బొమ్మలు తయారుచేయాలి. ఒక్కో బొమ్మను ఫ్రేమ్ అంటారు. ఒక ఫ్రేమ్ ఎంతసేపు నిలవాలో చెప్పేది డిలే. అన్నీ వరసగా తిరిగితే బొమ్మ కదిలినట్టు కనిపిస్తుంది. ఫైలు పన్నెండు కేబీ దాటకూడదని పుణే అతను చెప్పి పంపాడు. ఫోన్ లైన్ మీద నడిచే ఆనాటి నెట్‌లో పెద్ద ఫైలు ముక్కలు ముక్కలుగా దిగేది.

భూమన్న తెచ్చిన ఫోటోలో గురూజీ మెడలో పూలదండతో నిలబడి ఉన్నారు. అరవై చుక్కల ఎత్తులో నిలువెత్తు మనిషి ఎక్కడ పడతాడు? ముఖం మాత్రం ఉంచి, చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో చట్రం కట్టాను. దండ సగం తెగి ఆ చట్రానికి వేసినట్టు కనిపించింది. శుభకార్యం కదా అని పక్కన దీపం పెట్టి, ఆరు ఫ్రేములతో జ్వాల అల్లల్లాడేలా చేశాను. అవన్నీ అయ్యాక చివరి ఫ్రేములో 'అమృత మహోత్సవ శుభాకాంక్షలు' అని అక్షరాలు. ముందు ముఖం, తర్వాత దీపం, ఆఖరున మాట. పరదా తీసినట్టుంటుందని మురిసిపోయాను.

భూమన్న కుర్చీ ముందుకు లాక్కుని చాలాసేపు చూశాడు.

"దీపం మంచిగుంది కాకా, ఊదితె ఆరిపోయేటట్టున్నది. గని ఫోటోకు దండ, పక్కకు దీపం... జెర ముందుగాలనే అక్షరాలు పెట్టరాదు?"

"నాలుగు సెకన్లలో వస్తున్నాయి కదా!"

"నీ మిషన్ మీద అస్తున్నయ్. ఆడ భివండీల నెట్ శానా మెల్లగ అస్తదంట."

"నువ్వు బట్టల మడతలు సూసుకో భూమన్నా. ఇది నాకిడిసిపెట్టు," అన్నాను.

అతను నవ్వాడు. ఫైలు ముప్పై ఎనిమిది కేబీ అయింది. రెండు దుకాణాల అవతలే నెట్ సెంటర్ ఉంది. అక్కడ ఒకసారి తెరిచి చూస్తే పది నిమిషాల పని. చూడలేదు, అక్కడినుంచే అలాగే పుణేకు పంపేశాను. గురూజీ పని కదా అని పుణే అతను సైజు పట్టించుకోకుండా బ్యానర్ ఎక్కించేశాడు. అది తెలిశాక భూమన్న సంబరంగా భివండీకి ఫోన్ చేశాడు. గురూజీ చెల్లెలు రాజవ్వ అక్కడ కూతురు దగ్గర ఉంటుంది. ఆమె అల్లుడికి, "గురూజీ ఫోటో నెట్ల పెట్టినం, జెర సూడుండ్రి," అని చెప్పి పెట్టేశాడు. మిగతాది బొమ్మే చెబుతుంది కదా అనుకున్నాడట.

మూడో రోజు ఉదయం మానపత్రం ప్రూఫ్ చూపించడానికి భూమన్నా నేనూ గురూజీ ఇంటికి వెళ్లాం. వాకిట్లో కూర్చుని ఉండగా గల్లీ మొదట్లోనే ఏడుపు వినిపించింది.

"ఓ అన్నా... ఆఖరి సూపన్న దక్కకపాయెనా అన్నా..."

రాజవ్వ వెనక అల్లుడు సంచి పట్టుకుని వస్తున్నాడు. ఆమె జుట్టు విరబోసి ఉంది. గురూజీ కళ్లద్దాలు తీసి లేచి నిలబడ్డారు. ఆమె ఆయన్ని చూసింది. గడపలోనే కూలబడింది.

నీళ్లు తాగించాక సంగతి తెలిసింది. అల్లుడు నెట్ సెంటర్‌లో చూస్తే దండ వేసిన ఫోటో, పక్కన కదలని దీపం వచ్చాయి. అంతలో లైను తెగింది. గురూజీ ఇంట్లో ఫోన్ లేదు. భూమన్న దుకాణానికి చేస్తే ఆ రోజు బజారు సెలవు, ఎవరూ ఎత్తలేదు. ఆమె నెత్తిమీద నీళ్లు పోసుకుని, ఆ తడి చీరతోనే బండెక్కింది. అప్పటినుంచి మెతుకు ముట్టలేదు.

"రాజవ్వా, గిప్పుడే గింత ఏడిస్తె, నేను సచ్చినంక ఏడ్వనీకి నీకేం మిగుల్తదే?" అన్నారు గురూజీ. ఆమెను నవ్వించాలనే అన్నారు.

రాజవ్వ భూమన్న వైపు తిరిగింది. "ఓరి భూమిగా, నా అన్న పెట్టిన అక్షరం తిని, నా అన్ననే సంపినవారా? ఏం పాపం చేసినంరా నీకు?"

భూమన్న నా వైపు చూశాడు. నేను చేతిలో ఉన్న ప్రూఫ్ కాగితం వైపు చూశాను. అందులో దిద్దాల్సినవేమీ లేవు. అయినా చూస్తూనే ఉన్నాను.

ఇంతవరకు జరిగింది పొరపాటు అని చెప్పుకోవచ్చు. ఆ తర్వాత నేను చేసినదానికి ఆ మాట సరిపోదు. తిన్నగా దుకాణానికి వచ్చి, దీపం తీసేసి, మొదటి ఫ్రేములోనే అక్షరాలు పెట్టి, పదకొండు కేబీకి దించి, నెట్ సెంటర్‌కు వెళ్లి పుణేకు పంపాను. సాయంత్రానికి పాత బ్యానర్ స్థానంలో కొత్తది వచ్చేసింది. ఆనాటి డైరీలో 'బ్యానర్‌లో చిన్న సవరణ చేసి పంపడమైనది' అని రాసుకున్నాను. రాజవ్వ పేరు రాయలేదు.

మర్నాడు కమిటీవాళ్లు విచారించడానికి మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని నెట్ సెంటర్‌కు వెళ్లి తెరిచి చూశారు. తెరవగానే పెద్దక్షరాలతో శుభాకాంక్షలు కనిపించాయి. అధ్యక్షుడు భూమన్నను నా ముందే నిలదీశాడు.

"ఇందుల తప్పేమున్నదయ్యా? సక్కగ రాసున్నది. నువ్వు ఫోన్ల ఏం చెప్పినవ్?"

"ఫోటో పెట్టినం సూడుమన్న సార్. గంతే."

"ఎందుకు పెట్టినమో చెప్పద్దా? ఆమె పానం పోతుండె!" అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "మీరేమంటరు?"

అప్పుడైనా చెప్పవచ్చు. పాత ఫైలు నా మిషన్‌లో ఉంది. "ఫోన్లో అన్నీ వివరంగా చెప్పలేము కదా," అన్నాను. భూమన్న పక్షాన మాట్లాడినట్టు ఉంటుంది ఆ మాట. నిజానికి నేరాన్ని ఫోన్ దగ్గరే మేకు కొట్టి నిలిపిన మాట అది. మానపత్రం చదివే పని అతని దగ్గరినుంచి తీసి, ఒక కాలేజీ లెక్చరర్‌కు ఇచ్చారు.

సభనాడు లెక్చరర్ బాగానే చదివాడు, రెండు చోట్ల తడబడ్డాడు. హాలు చివర నిలబడిన భూమన్న పెదవులు కదులుతున్నాయి. తడబడిన రెండు చోట్లా అతని పెదవులు ఆగలేదు. వేదిక మీద గురూజీ ఒకటి రెండుసార్లు తల ఎత్తి ఎవరికోసమో వెతికారు. ఎవరికోసమో నాకు తెలుసు.

నెల తర్వాత అతని దుకాణానికి వెళ్లి అంతా చెప్పాను. బ్యానర్ మార్చిన సంగతితో సహా. భూమన్న తాను మడతపెడుతున్న ధోతి మడత పూర్తిచేసి పక్కన పెట్టాడు.

"నాకెరికే కాకా. నెట్ సెంటర్ల తెరువంగనే ఎరికైంది. దీపం లేదు కద."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్తె, తప్పించుకోనీకి చెప్తున్నడంటరు. నువ్వు చెప్తె నమ్ముదురు." ఇంకో ధోతి అందుకుంటూ అన్నాడు. "నువ్వే చెప్తవని సూసిన."

కమిటీవాళ్లందరికీ చెబుతాను, గురూజీ ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి నీచేతనే చదివిస్తాను అన్నాను.

"చెప్పు కాకా, చెప్పద్దని గిట్ల అంటనా? గని సదువుడు ఎందుకు? ఆయినకు ఇచ్చుడు అయిపాయె. ఇచ్చినదాన్ని మల్ల గుంజుకొని సదువుతరా?"

కమిటీకి చెప్పాను. గురూజీకి, రాజవ్వకు కూడా చెప్పాను. అందరూ నన్ను క్షమించారు, పెద్దగా కష్టం లేకుండానే. అయిపోయిన సభ గురించి ఎవరికీ పట్టింపు లేదు.

ఆ తర్వాత పన్నెండేళ్లు ఈ పనిలో ఉన్నాను. ప్రతి బ్యానర్‌నూ పంపే ముందు ఎంత మెల్లటి లైను దొరికితే దాని మీద తెరిచి చూసేవాణ్ని. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు అదే చెబుతాను. కానీ ఆ ఉదంతం నాకు నేర్పింది అది కాదు. తప్పును గుట్టుగా దిద్దితే పని బాగుపడుతుంది, కానీ ఆ తప్పు మోస్తున్న ఇంకో మనిషి చేతిలోంచి సాక్ష్యం లాగేసినట్టవుతుంది. నేను దిద్దిన బ్యానర్‌లో ఒక్క లోపం లేదు. భూమన్నను దోషిని చేసింది అదే.