పురుగుపూసా, బాతుగుడ్డూ, నా పెళ్ళిచూపులూ

ఆ రోజుల్లో పెళ్ళిచూపులంటే పరీక్షకి కూర్చునేది ఆడపిల్లేనండి. ఓ పాట పాడమ్మా అనేవారు, అలా నాలుగడుగులు నడిచి చూపించమ్మా అనేవారు, జడ నిజమైనదో సవరమో కూడా చూసేవారు. మగపిల్లాడు మాత్రం బుద్ధిమంతుడిలా మొహం పెట్టుకుని, పెట్టిన జంతికలు తిని, ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తామని చెప్పి లేచిపోయేవాడు. ఇందులో న్యాయం ఎంతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అయితే మా జిల్లా మొత్తం మీద పెళ్ళిచూపులకని వెళ్ళి, తనే పరీక్షకి కూర్చుని, చెమటలు కక్కిన పెళ్ళికొడుకుని బహుశా నేనొక్కణ్ణే. అదీ ఎలాంటి పరీక్షనుకున్నారు! ఓ తేనెరంగు పూసలో ఎప్పుడో చచ్చి పడున్న పురుగు అసలుదా, నకిలీదా చెప్పాలి. ఎటు చెప్పినా పిల్ల దక్కేలా లేదు.

నాకప్పుడు తాడేపల్లిగూడెంలో వ్యవసాయశాఖ డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం. జపాను పద్ధతి వరిసాగు కొత్తగా వచ్చిన కాలం. ఊరూరా తిరిగి రైతులకి విత్తనం ఎంచడం చూపించాలి. బ్రహ్మవిద్యేం కాదు లెండి. బాల్చీ నీళ్ళలో ఉప్పు కలపాలి. ఉప్పు చాలిందో లేదో తెలియడానికి అందులో ఓ తాజా గుడ్డు వెయ్యాలి. మునిగిందా, ఉప్పు చాల్లేదన్నమాట. తేలి, అర్ధణా బిళ్ళంత మేర పైకి కనిపించిందా, సరిపోయిందన్నమాట. అప్పుడు గుడ్డు తీసేసి వడ్లు పోస్తే తాలు పైకొస్తుంది, గట్టి గింజ అడుక్కి పోతుంది. అంతా బాగానే ఉంది కానీ, ఈ పద్ధతి కనిపెట్టిన మహానుభావులకి మా ఇంటి ఆచారం తెలియదు కదా! తరతరాలుగా గుడ్డు ముట్టని ఇంట్లో పుట్టినవాణ్ణి. దాన్ని రెండు వేళ్ళతో, మొహం పక్కకి తిప్పుకుని పట్టుకునేవాణ్ణి. పెంటపాడు రైతులు వడ్లు చూడ్డానికి కాదు, నేను గుడ్డు పట్టుకోవడం చూడ్డానికి వచ్చేవారని నా అనుమానం.

ఓ ఆదివారం ఏలూరులో పెళ్ళిచూపులు కుదిరాయి. మర్నాడు పొద్దున్నే గుండుగొలనులో నా గుడ్డు ప్రదర్శన. మా అమ్మా నేనూ ఏలూరు స్టేషన్లో దిగేసరికి, కొల్లేటి నుంచి చేపలూ బాతుగుడ్లూ తెచ్చి అమ్మే ఆవిడ గంపతో ఎదురుపడింది. అంతకు ముందోసారి బజార్లో కొన్న గుడ్డు ఉప్పు వెయ్యకముందే మంచినీళ్ళలో తేలిపోయి (కుళ్ళిన గుడ్డు తేలుతుందండి, పైగా వాసన కూడా వస్తుంది) రైతుల ముందు నా పరువు గంగలో కలిసింది. అందుకని తాజావి కనిపిస్తే వదలబుద్ధి కాలేదు. "పొద్దున్నే పెట్టిందండి బాబూ, వెచ్చదనం కూడా పోలేదు, పట్టుకు చూడండి" అందావిడ. మా అమ్మ నడిరోడ్డు మీద నిలబడిపోయింది. "ఒరేయ్, పిల్లని చూడ్డానికి వెళ్తూ గుడ్లేమిట్రా! వాళ్ళసలే మడీ తడీ ఉన్నవాళ్ళు!" "రేపు పొద్దున్నకి ఎక్కడ దొరుకుతాయమ్మా?" అన్నాను. "అయితే నువ్వు నా పక్కన నడవకు" అని ఆవిడ చరచరా ముందుకెళ్ళిపోయింది. నేను రెండు గుడ్లు ఊక పోసిన రేకుడబ్బాలో పెట్టి, డబ్బా ఖాకీసంచీలో పెట్టి, ఆ సంచీని పసిపిల్లాణ్ణి మోసినట్టు మోసుకుంటూ వెనకాల నడిచాను.

పిల్ల తండ్రి హైస్కూల్లో తెలుగు పండితులు. గుమ్మంలోనే "ఆ సంచీ ఇలా ఇవ్వండి బాబూ, లోపల దేవుడి గదిలో పెట్టిస్తాను" అన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "వద్దండి వద్దండి, ఇక్కడే ఉండనివ్వండి" అన్నాను. "ఏవండీ, ఏమైనా విలువైన సామానా?" "ఆఫీసు సామానండి." ఆయన మర్యాదగా తీసుకుని సావిట్లో చిలక్కొయ్యకి తగిలించారు. తలెత్తి చూద్దును కదా, దానికి జానెడు దూరంలో దండెం మీద వాళ్ళ బామ్మగారి మడిచీర ఆరుతోంది! అంతటితో అయిపోలేదు. పిల్ల మేనమామగారు ఒకాయన ఉన్నారు. ఎవరేమన్నా ముందు 'కాదండీ' అని కానీ మాట మొదలుపెట్టరు. (మా ఇంట్లో ఇప్పటికీ ఆయన పేరు కాదండీ మావయ్యే.) ఆయన సరిగ్గా ఆ సంచీ కింద కుర్చీ వేసుకున్నారు. కాదండీ అన్నప్పుడల్లా తల వెనక్కి విసిరేవారు. విసిరినప్పుడల్లా తల వెళ్ళి సంచీకి తగిలేది.

ఇంతలో పిల్ల వచ్చి కూర్చుంది. దాపరికం దేనికి, చూడగానే నచ్చేసింది. ఇంకెవర్నీ చూడక్కర్లేదు అనిపించింది. కానీ ఆ పిల్లని చూద్దామనుకున్న నా కళ్ళు ఆ సంచీ మీదికి పరిగెడుతుంటే నేనేం చెయ్యను! ("ఆ రోజు మీరు నన్నెక్కడ చూశారండీ, సంచీని కదా చూశారు" అని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.)

అప్పుడు లోపల్నుంచి బామ్మగారు వచ్చారు, చేతిలో చిన్న చందనప్పెట్టె పట్టుకుని. పండితులుగారి తల్లి. భర్త రంగూన్‌లో కలప కంపెనీలో గుమాస్తాగా చేసినన్నాళ్ళూ ఆవిడా అక్కడే ఉన్నారట. ఆయన పోయి చాలాకాలమైంది. పెట్టెలోంచి ఉసిరికాయంత పూస తీసి నా అరచేతిలో పెట్టారు. తేనెరంగు. వెలుతురుకి పెట్టి చూస్తే లోపల రెక్కలు సగం విప్పి ఓ చిన్న పురుగు. దోమో, ఈగో తెలియడం లేదు.

"ఇది అంబరట నాయనా. ఎన్నో యుగాల కిందట చెట్టు కారిన బంకలో ఈ జీవుడు చిక్కుకుపోయాడట. బంక రాయైపోయిందట. ఆయన నాకు తెచ్చిచ్చి చెప్పారు. నా మనవరాలి పెళ్ళికి మెళ్ళో వేద్దామని దాచాను. మొన్న ఈయనొచ్చి..." అని మావయ్య వంక చూసి ఆగిపోయారు.

"కాదండీ, అది బేకలైటు, స్విచ్చులు చేసే సరుకు" అన్నారు మావయ్య, సంచీకి తల తాటిస్తూ. "పురుగుని పెట్టి పోత పోస్తారు. రంగూన్ వీధుల్లో ఇలాంటివి కుప్పలు!"

"ఆయన నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు నాయనా" అన్నారావిడ నా వంకే చూస్తూ. "నువ్వు సైన్సు చదివావుట కదా. అసలుదో కాదో చెప్పు. నకిలీదైతే పిల్ల మెళ్ళో వెయ్యను."

అవునంటే మేనమామకి కోపం, కాదంటే ఆవిడకి గుండె పగులుతుంది. పోనీ పూస సంగతి నాకేమైనా తెలుసా అంటే కాలేజీలో ఫిజిక్సు మాస్టారు చెప్పిన రెండు ముక్కలు తప్ప శూన్యం. ఆ రెండు ముక్కలే పట్టుకుని, నా పట్టు కండువాకేసి పూసని గట్టిగా రుద్ది, చిత్తుకాగితం ముక్కల మీద పెట్టాను. ముక్కలు ఎగిరొచ్చి అంటుకున్నాయి! "తృణమణి! గడ్డిపరకని ఆకర్షించే మణి. నిఘంటువులో ఉంది!" అని పండితులుగారు చప్పట్లు కొట్టినంత పని చేశారు. బామ్మగారి మొహం వెలిగింది. మావయ్య నెమ్మదిగా జేబులోంచి దువ్వెన తీసి, తలమీద మిగిలిన కాసిని వెంట్రుకలకేసి రాశారు. దువ్వెనకీ కాగితాలు అంటుకున్నాయి. "కాదండీ, ఇదీ తృణమణేనా?"

ఇంకో దారుంది. సూది ఎర్రగా కాల్చి గుచ్చితే, అసలుదైతే సాంబ్రాణి పొగలాంటి వాసన, నకిలీదైతే మందుల కంపు. ఆ మాట చెప్పగానే బామ్మగారు పూస లాక్కున్నారు. "అయ్యో, ఆ జీవుడికి వాత పెడతావా నాయనా!" అన్నారు. ఇక మిగిలింది నా సొంత విద్య. బాగా ఉప్పు కలిపిన నీళ్ళలో అంబరు తేలుతుంది, బేకలైటూ గాజూ మునుగుతాయి. పూసకి ఏ హానీ ఉండదు. పిల్ల లేచి వెళ్ళి వెడల్పాటి గిన్నెలో ఉప్పునీళ్ళు కలిపి తెచ్చింది. బామ్మగారు చేత్తో పూసని మెల్లిగా వదిలారు. టక్కున అడుగున కూర్చుంది.

"ఉప్పు ఇంకాస్త పడాలండి" అన్నాను.

"కాదండీ, వేస్తూ పోతే ఎప్పటికో అప్పటికి రోకలిబండ కూడా తేలుతుంది. దేనికైనా ఓ కొలత ఉండాలా అక్కర్లేదా?"

"ఆ మాటా నిజమే" అన్నారు పండితులుగారు. "కొలతేమైనా ఉందా బాబూ?"

"ఉందండి" అనేశాను. అనేశాక నాలిక కరుచుకున్నాను.

"ఏమిటది?"

మా అమ్మ వంక చూశాను. ఆవిడ కళ్ళతోనే 'నోరెత్తావంటే చంపేస్తా' అంది. బామ్మగారు కాసేపు చూసి, గిన్నెలో చెయ్యి పెట్టి పూస తీశారు. కొంగుతో తుడిచారు. "పోనీలే నాయనా. ఆయనకీ ఎవరో అంటగట్టి ఉంటారు" అన్నారు. ఆ పూసని తిరిగి చందనప్పెట్టెలో పెట్టలేదండి. గోడగూట్లో, ఖాళీ సిరాబుడ్డి పక్కన పెట్టేశారు.

గుమ్మం దగ్గర నిలబడ్డ ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు. ఉప్పు చాలకే మునిగి ఉండొచ్చని నాకు తెలుసు, ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. పోతే పోయింది సంబంధం అనుకున్నాను. కళ్ళు గట్టిగా మూసుకుని, "కొలత గుడ్డండి. గుడ్డు తేలేంత ఉప్పుండాలి. నా దగ్గర ఉందండి" అన్నాను.

"గుడ్డా! మా ఇంట్లోనా!" పండితులుగారు లేచి నిలబడ్డారు. "ఎక్కడుందండీ?" అని మావయ్య అడిగారు. ఆయన నెత్తిమీదికి వేలు చూపించాను. ఆ వయసులో, ఆ ఒంటితో, ఆయన కుర్చీలోంచి అంత దూరం గెంతగలరని ఎవరూ అనుకోలేదు. మా అమ్మ మాత్రం "నాకేం తెలియదండీ, నేను స్టేషన్ దగ్గర్నుంచీ విడిగానే నడిచానండీ" అని సాక్ష్యం చెప్పడం మొదలెట్టింది.

"ఆగరా" అన్నారు బామ్మగారు కొడుకుతో. "అంత హడావిడి దేనికి? మీ నాన్న రంగూన్‌లో రోజూ తినేవారు, డాక్టరు తినమన్నాడని. వేరే కుంపటి మీద నేనే ఉడకబెట్టి ఇచ్చేదాన్ని. నువ్వు ఆ పెంకులతో ఆడుకునేవాడివి."

పండితులుగారు నెమ్మదిగా కూర్చున్నారు. మావయ్య నోరు తెరిచారు కానీ 'కాదండీ' రాలేదు. "గిన్నె పెరట్లోకి పట్టండి. మళ్ళీ ఇంట్లోకి తేకుండా ఉంటే సరి" అని ఆవిడ గూట్లో పూస తీసుకుని ముందు నడిచారు.

బావి గట్టు మీద అందరూ చుట్టూ నిలబడ్డారు. గుడ్డు జారి పగిలితే ఏ నూతిలో దూకాలా అని పక్కనున్న నూతినే చూసుకున్నాను. ముందు మంచినీళ్ళ చెంబులో వేశాను, మునిగింది. కొల్లేటి ఆవిడ చల్లగా ఉండాలి, గుడ్డు తాజాదే. తర్వాత ఆ ఉప్పునీళ్ళలో వేశాను. అందులోనూ మునిగింది. "చూశారాండీ, ఉప్పు చాల్లేదు!" అని నేను వేసిన కేకకి పక్కింటివాళ్ళు గోడమీంచి తొంగిచూశారు. పిల్ల పిడికిళ్ళతో ఉప్పు పోస్తోంది, నేను పుల్లతో కలుపుతున్నాను. గుడ్డు కదిలింది, నిటారుగా లేచింది, మెల్లిగా పైకొచ్చి అర్ధణా బిళ్ళంత నెత్తి చూపించింది. గుడ్డు తీసేశాను. ఇక పూస వెయ్యాలి. ఇప్పుడూ మునిగితే? బామ్మగారిని ఒకసారి ఏడిపించింది చాలక మళ్ళీ ఏడిపించినవాణ్ణవుతాను. బామ్మగారు పూస వదిలారు. అది బుడుంగున కిందకి పోయింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"బామ్మా!" అని పిల్ల కేక విని కళ్ళు తెరిచాను. పూస నీళ్ళమీద అటూ ఇటూ ఊగుతోంది, పురుగు ఎండలో మెరుస్తోంది. బామ్మగారు దాన్ని తీసి కళ్ళకద్దుకున్నారు. "ఆయన నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు" అని ఇందాకటి మాటే మళ్ళీ అన్నారు, ఈసారి ఏడుస్తూ. కాసేపటికి కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగి, "నువ్వు గుడ్లు తింటావా నాయనా?" అన్నారు.

"లేదండీ. తేలుస్తానంతే."

ఆవిడ పగలబడి నవ్వారు. కొడుకుతో "ఇల్లు కడిగించు, ముహూర్తం పెట్టించు" అన్నారు. పండితులుగారు రెండూ చేశారు. పసుపునీళ్ళు ఇంటిమీదా, నా సంచీమీదా, ఎందుకైనా మంచిదని నా మీదా చల్లారు.

ఆ పూస ఇప్పుడు మా ఆవిడ మెళ్ళో ఉంది. మొన్న సెలవులకొచ్చిన మనవడు దాన్ని తిప్పి తిప్పి చూసి, "తాతయ్యా, కొన్ని ప్లాస్టిక్కులు కూడా ఉప్పునీళ్ళలో తేలతాయి తెలుసా? స్పిరిట్ రాసి చూడాలి, జిగురొస్తే నకిలీ" అని దూదీ సీసా పట్టుకొచ్చాడు. ఇన్నేళ్ళ తర్వాత నా గుండెల్లో మళ్ళీ రాయి పడింది. మా ఆవిడ పూస మీద చెయ్యి వేసి, "పరీక్షలన్నీ ఆ రోజే మీ తాతయ్యకి పెట్టేశాం. ఇంక దీనికెందుకురా" అంది.

పోనీ ఉప్పునీళ్ళ పరీక్షైనా చూపించమని వాడు మారాం చేశాడు. గుడ్డు మా ఫ్రిజ్‌లోంచే తెచ్చాడు (కాలం మారింది లెండి), వంటింటి గట్టుమీదే గిన్నె పెట్టాడు, ఎవరూ గెంతలేదు. మా ఆవిడ పూస విప్పి వదిలింది. అది ఎప్పట్లాగే ముందు బుడుంగున కిందకి పోయింది. అది పైకొచ్చేలోపల, ఆ సందులో, నేను గుమ్మం వైపు తిరిగి, పసుపునీళ్ళతో మావగారు గానీ వస్తున్నారేమోనని చూశాను.

మా ఆవిడ చూసి నవ్వుతూ, "రారు లెండి, ఈసారైనా ఇటు చూడండి" అంది.