మా వరండాలో యాదగిరి అన్న కట్టిన తెరచాప ఓడ

మా చిన్నప్పుడు... ఇడ్లీ పాత్రలో చెక్కలు ఉడికించేవాళ్ళం. నవ్వకండి, నిజంగానే.

అరవై తొమ్మిది తెలంగాణ గొడవల రోజులు. తార్నాకలో అద్దె ఇల్లు. నాన్న యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా... మాది కర్నూలు వైపు. పెరటి గదిలో యాదగిరి అన్న ఉండేవాడు. నల్గొండ దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు, యూనివర్సిటీలో చదువు. ఆయనకొక పిచ్చి... లైబ్రరీ పుస్తకంలో చూసిన తెరచాప ఓడను చెక్కతో కట్టాలని.

దేవదారు పెట్టెల్ని బ్లేడుతో సన్నటి బద్దలుగా చీల్చేవాడు. వెన్నెముకలాంటి కర్ర, దానికి పక్కటెముకలు, వాటి మీద ఈ బద్దలు. ఆవిరి పట్టిన బద్ద వేడి మీద వంగుతుంది, చల్లారితే విరుగుతుంది. అందుకే మా అమ్మ ఇడ్లీ పాత్ర.

"సముద్రం చూసినావా అన్నా?" అని అడిగాను ఒకసారి.

"సముద్రమా... మూసీ నిండుగ పారంగనే సూడలే చెల్లె."

గొడవలు ముదిరాయి. బడులు మూశారు. రెండు వీధుల అవతల మా వైపు వాళ్ళ ఇంటి మీద రాళ్ళు పడ్డాయని తెలిసింది. నాన్న కిటికీలకు దుప్పట్లు కట్టాడు. సరిగ్గా అప్పుడే యాదగిరి అన్న తన సామానంతా పెరట్లో నుంచి ముందు వరండాలోకి తెచ్చుకున్నాడు. ఎండ, దుమ్ము... అయినా పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా అక్కడే. గుంపులు వచ్చేవి. ఈయన తలెత్తి చెయ్యి ఊపేవాడు. మనోడే ఉన్నాడనుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

నాకు మాత్రం పండగలా ఉండేది. బడి లేదు, రోజంతా ఓడ. దారానికి కొవ్వొత్తి మైనం రుద్ది తాళ్ళు చేయడం నా పని. ఊరంతా అట్టుడుకుతుంటే నేను అంత సంతోషంగా ఎలా ఉన్నానో... ఇప్పుడు తలచుకుంటే అన్నం సయించదు.

తెరచాపలకు నాన్న పాత పంచె కత్తిరించాం. మెత్తగా వేలాడుతున్నాయని అమ్మ తన నేత చీరకు పెట్టినట్టే చిక్కటి గంజి పెట్టి ఆరేసింది. అట్టముక్కల్లా నిలబడ్డాయి. తెల్లారేసరికి ఎలుకలు అన్నింటినీ కొరికేశాయి... కొయ్యలకు దారాలు మిగిలాయంతే.

అమ్మ తల పట్టుకుంది. "అయ్యో నాయనా, పాడు గంజి పెట్టి నీ కష్టమంతా ఎలకల పాలు చేస్తినే."

ఆయన ముఖంలో కోపం లేదు. "మంచిగైంది తియ్యి అక్కా. అయిపోతే గీడ ఏం పని పెట్టుకోని కూసోవాల్నని పరేషాన్‌ల ఉన్న."

అమ్మ లోపలికి వచ్చి పొయ్యి ముందు కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మా ఇంటికి కాపలా ఉండటానికే ఆయన అక్కడ కూర్చుంటున్నాడని ఆ రోజు మాకు అర్థమైంది.

ఆ మధ్యాహ్నమే సత్తయ్య వచ్చాడు. మాణికేశ్వర్ నగర్‌లో ఉండేవాడు, ఈయనకు ప్రాణస్నేహితుడు.

"ఏందిర, అందరం ఆర్ట్స్ కాలేజ్ కాడ ఉంటే నువ్వు గీడ పడవ చేస్కుంట కూసున్నవ్?"

"పడవ కాదుర, ఓడ."

"ఏదైతేంది. మనోళ్ళు లాఠీలు తింటున్నరు, నువ్వు ఆంధ్రోళ్ళ ఇంట్ల ఇడ్లీలు తింటున్నవ్."

"ఇడ్లీలు యాడియిరా, పాత్రల చెక్కలే ఉన్నయ్. కావాలంటే తిను." నవ్వి మళ్ళీ అన్నాడు, "రేపొస్తా, పో."

మరునాడు పొద్దున్నే మా వీధిలో గుంపులు తిరిగాయి. ఆయన వెళ్ళలేదు. ఆ రోజు లాఠీచార్జిలో సత్తయ్య కాలు విరిగింది.

యాదగిరి అన్న ఆసుపత్రికి వెళ్ళి చూసి వచ్చి, మళ్ళీ వరండాలోనే కూర్చున్నాడు. బ్లేడు ముట్టలేదు. అమ్మ తలుపు సందులోంచే అంది, "నువ్వు పో నాయనా. మా ఖర్మ ఎట్లుంటే అట్లయితుంది."

"నేను పోయిననాడు ఎవడన్న రాయేస్తే? వాని కాలు అతుకుతది అక్కా. గీడ ఈ పిల్లకేమన్నయితే నాకు ముద్ద దిగుతదా?"

నా వైపు చూడలేదు. నేను మైనం రుద్దుతూనే ఉన్నాను.

గొడవలు సద్దుమణిగాక ఓడ పూర్తయింది. ఈసారి తెరచాపలకు గంజి లేదు. దాన్ని తువ్వాలులో చుట్టుకుని మాణికేశ్వర్ నగర్ వెళ్ళాడు... సత్తయ్యకు ఇద్దామని. సాయంత్రం అదే తువ్వాలుతో తిరిగొచ్చాడు. "తీస్కోలే," అన్నాడు అమ్మతో. దాన్ని మా గూట్లో పెట్టి, చదువు కాగానే ఊరెళ్ళిపోయాడు. మళ్ళీ వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నట్టు నేను వినలేదు.

బడులు తెరిచినా, నాన్న భయపడి నన్ను పంపలేదు. నా చదువు అక్కడితో సరి. రాతలో తప్పులుంటే మన్నించండి. అయినా నేనేం పోగొట్టుకున్నానని... ఆయన స్నేహితుణ్ణే పోగొట్టుకున్నాడు, మా వల్ల.

నలభై ఏళ్ళ తర్వాత రెండోసారి ఉద్యమం వచ్చినప్పుడు క్యాంపస్ వైపు నుంచి నినాదాలు వినిపిస్తే తలుపు దగ్గర నిలబడేదాన్ని. ఎవరి పిల్లలో, తిన్నారో లేదో, ఎవరికి దెబ్బ తగులుతుందో అని ఒకటే గుబులు. యాదగిరి అన్న ఎక్కడున్నాడో కనుక్కోవాలని అప్పుడూ అనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండిపోయాను. మొన్న వాళ్ళ ఊరి మనిషి కనబడితే అడిగాను... పోయి చాలా కాలమైందట.

ఇప్పుడు తార్నాక అంతా అపార్ట్‌మెంట్లు. గేటుకు తాళం, మెట్లకు కెమెరా. పక్కింటివాళ్ళ పేరు కూడా తెలియదు నాకు... వాళ్ళకు కష్టమొస్తే నేను బయటికొచ్చి కూర్చుంటానా అంటే, ఏమో, చెప్పలేను.

మీ ఇంటి కోసం తనవాళ్ళతో మాట పడ్డ మనిషి మీకూ ఉండే ఉంటారు. వాళ్ళ పేరు ఇక్కడ రాయండి, చదువుతాను. కానీ రాసేముందు ఒకసారి వాళ్ళకు ఫోన్ చేయండి.