నాన్న ఐపీ పెట్టిన ఏడు

ఆదివారాలు టెక్కలి నుంచి వచ్చి పలాసలో బస్సు దిగితే, ఇప్పటికీ ముందుగా ముక్కుకు తగిలేది జీడిపిక్కల తొక్క కాలే ఘాటే. చిన్నప్పుడు నాన్న చొక్కాలన్నీ ఈ వాసనే వేసేవి. కాశీబుగ్గ వెనక వీధిలో మాకో చిన్న జీడిబట్టీ ఉండేది. నాన్న పిక్కలు వేయించి, ఆడవాళ్ల చేత కొట్టించి, పప్పు తీయించి అమ్మేవాడు.

ఆ పిక్కలు కవిటి దగ్గర మా మేనత్త వాళ్ల తోటవి. ఎండాకాలం సెలవులు వస్తే నేనూ అక్కడే. కొబ్బరి నీడలో ఇసుక చల్లగా ఉండేది, రాలిన జీడిమామిడి పళ్లు పులిసి ఈగలు ముసిరేవి, గొంతు జీరపోయేదాకా ఆ పళ్లు తిని, రసం మరకలు పడిన గౌనుతోనే పిక్కలు వరసగా పేర్చి దూరం నుంచి కొట్టే ఆట ఆడి, గెలుచుకున్నవి ఎండుమట్టల మంటలో కాల్చుకుని, మూతి చుట్టూ మసితో ఇంటికి చేరితే, అత్త కొంగు తడిపి తుడుస్తూనే నోట్లో ముంజ పెట్టేది. మావయ్య తోట పంటంతా నాన్నకే ఇచ్చి, పప్పు అమ్ముడయ్యాక డబ్బు తీసుకునేవాడు.

నేను ఆరో తరగతిలో ఉండగా తుఫానుకు మా గోదాం రేకులు లేచిపోయాయి. బస్తాలన్నీ తడిసి బూజు పట్టాయి. కొన్నాళ్లకు అప్పులవాళ్లు వచ్చి మా అరుగు మీద కూర్చోవడం మొదలైంది. ఒకరోజు నాన్న వకీలు దగ్గరికి వెళ్లొచ్చి, కంచం ముందు కూర్చుని అమ్మతో చెప్పాడు.

"ఐపీ పెడతన్నాను. దివాలా అని కోర్టులో రాసిత్తే, మనకున్నది అమ్మి అందరికీ పంచుతారట. ఆనక కోర్టు విడుదల సేత్తే, మిగిల్న బాకీ ఎవలూ అడగడానికి నేదు. మళ్లీ మొదట్నుంచి బతకొచ్చు."

"మరి మీ సెల్లి వాళ్లదో?"

"అందరితో పాటే."

అమ్మ చారు పోసింది.

అప్పులవాళ్లందరితో పాటు తనకూ కోర్టు నోటీసు అందాక అత్త వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అన్నియ్యా, మా పేరు కూడా రాసీసినావా?"

"ఒక్కల పేరైనా దాయకూడదటమ్మా."

"కోర్టోడు సెప్పకముందు నువ్వు సెప్పుంటే సాలు."

 నేనిచ్చిన మంచినీళ్లు తాగకుండా, గ్లాసు అరుగు మీద పెట్టి అత్త బస్సుకు వెళ్లిపోయింది. నాకు ఏడుపు రాలేదు. గ్లాసు కడిగి బోర్లించాను.

తరవాత కోర్టు మనుషులు వచ్చారు. వేయించే డ్రమ్ము, కాటా, స్కూటరు పట్టుకెళ్లారు. కట్టుకునే బట్టలు, వంటగిన్నెలు ముట్టుకోకూడదట, వాటిని వదిలేశారు. ఆ గిన్నెల్లోనే అమ్మ అన్నం వండింది. ముగ్గురం తిన్నాం.

నాన్న వేరేవాళ్ల ఫ్యాక్టరీలో కూలికి పిక్కలు వేయించాడు. నేను ఇంటర్‌లో ఉండగా విడుదల ఉత్తర్వు వచ్చింది. నాన్న దాన్ని నా చేత చదివించుకుని విని, చొక్కా తొడుక్కుని పనికి వెళ్లాడు. ఆపైన బజార్లో జీడి ముక్కపప్పు దుకాణం పెట్టాడు. సరుకు అరువు మీద ఇస్తామంటే బస్తా దించనిచ్చేవాడు కాదు. దుకాణం నిలబడింది. నా చదువు, పెళ్లి అందులోంచే.

పెళ్లికి మావయ్య ఒక్కడే వచ్చి, అక్షింతలు వేసి, భోంచేసి వెళ్లాడు. మావయ్య చనిపోయాక అత్త నాకు ఫోన్ చేయడం మొదలుపెట్టింది, ఆదివారాలే, నేను నాన్న దగ్గర ఉంటానని తెలిసే. తోట సగం అమ్మేశారట. మిగిలిన జీడిచెట్లు మరో గాలివానకు పడిపోయాయట. పిక్కలాట ఇప్పటి పిల్లలకు తెలియదట. ఇవన్నీ చెప్పి, మా ఆయన్నీ, పిల్లల్నీ, మా అత్తగార్నీ పేరుపేరునా అడుగుతుంది. నాన్న సంగతి మాత్రం అడగదు. నేను స్పీకర్ పెడతాను. నాన్న కుర్చీ దగ్గరికి లాక్కుని, అత్త ఫోన్ పెట్టేసేదాకా వింటాడు.