గీతకు పైన

హెలికాప్టర్ మమ్మల్ని దించేసరికి ఉదయం తొమ్మిది దాటి పది నిమిషాలు. ఎత్తు పద్దెనిమిది వేల రెండు వందల అడుగులు. చలి సున్నాకు ఇరవై ఎనిమిది డిగ్రీలు కింద. రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ ఎత్తులో ఇంజను ఆపితే మళ్ళీ అంటుకుంటుందన్న నమ్మకం ఉండదు. నలభై సెకన్లలో మనిషి, మూట, కిరోసిన్ డబ్బా అన్నీ కిందికి దిగిపోవాలి. నేను మోకాళ్ళ మీద పడ్డాను. లేచి చూస్తే చుట్టూ తెలుపు తప్ప ఇంకో రంగు లేదు. మహబూబ్‌నగర్ ఎర్రమట్టిలో, గుండ్రాళ్ళ గుట్టల మధ్య, గొర్రెల వెంట తిరిగి పెరిగినవాణ్ణి. చూపు ఎక్కడ ఆనించాలో తెలియలేదు.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు అది. పోస్టు పేరు చెప్పను. ఉత్తరాన మంచులో ఒక గట్టు, ఏడుగురు మనుషులు, తొంభై రోజులు. ఇప్పుడు షాద్‌నగర్ దగ్గర ఒక ఫ్యాక్టరీ గేటు కాస్తున్నాను. షిఫ్టు దిగినవాళ్ళు టీ తాగుతూ అడుగుతారు, "సార్, బార్డర్ల ఎంతమందిని కాల్చినవ్?" అని. ఒక్కణ్ణి కూడా కాల్చలేదు. నా డ్యూటీ మొత్తంలో ఒక్క తూటా పేల్చలేదు. సిగార్లు కోశాను. ఆ మాట చెబితే నవ్వుతారు. ఇన్నాళ్ళు నవ్వనిచ్చి ఊరుకున్నాను. ఈసారి మొత్తం చెబుతాను.

మా గుడిసె పొడవు పన్నెండు అడుగులు. మధ్యలో కిరోసిన్ స్టవ్, ఇరవై నాలుగు గంటలూ మండుతూనే ఉండాలి. ఆ మసికి ఉమ్మితే నల్లగా పడేది. చేతికి మూడు జతల గ్లౌజులు: లోపల పలచటి నూలువి, నడుమ ఉన్నివి, పైన తోలువి. వీటికి తోడు మా బాపు ఇచ్చిన గొంగడి ముక్క ఒకటి నడుముకు చుట్టుకునేవాణ్ణి. మా గొర్రెల బొచ్చుతో నేసిన నల్ల గొంగడి. సుబేదార్ సాబ్ చూసి, "సర్కారు ఇంత ఇచ్చినా నీకు ఈ గోనెసంచే కావాలా?" అనేవాడు. కావాలి. దానికి మా దొడ్డి వాసన ఉండేది.

పోస్టు కమాండర్ ఒక కెప్టెన్. నేను ఆయన సహాయక్‌ని, సొంత పనులు చూసిపెట్టే జవాన్ని. ఆయన దగ్గర ఒక చెక్కపెట్టె ఉండేది, నిండా సిగార్లు. ప్రతి ఆదివారం పదింటికి ఒకటి. నర్సింగ్ అసిస్టెంట్ మొత్తుకునేవాడు, "సార్, ఇక్కడ గాలే సగం, ఆ సగంలో పొగా?" అని. వారానికి ఒకటే కదా అని కెప్టెన్ సాబ్ బతిమాలేవారు. అంత పెద్ద అధికారి కిందివాణ్ణి బతిమాలడం నేను అక్కడే చూశాను.

మొదటి ఆదివారం నన్ను పిలిచి, "కోసి ఇవ్వు" అన్నారు. నాకేం తెలుసు? మా బాపు చుట్ట ఎట్లా ముట్టించేవాడో అదే తెలుసు. కొన పళ్ళతో కొరికి, తుప్పున ఉమ్మి, ఆయనకు అందించాను. గుడిసెలో అందరూ పగలబడి నవ్వారు. సుబేదార్ సాబ్ అయితే పొట్ట పట్టుకున్నాడు. కెప్టెన్ సాబ్ మాత్రం నా ఎంగిలి సిగార్‌నే కాల్చారు, పొట్టు నోట్లోకి ఊడి వస్తున్నా సరే. మంచి మనిషి. కానీ ఆ నవ్వు నాకు ముల్లులా గుచ్చుకుంది. బాపును చూసి నవ్వినట్టే అనిపించింది.

ఆ మధ్యాహ్నం నుంచే నేర్పారు. సిగార్‌కు తల వేరు, కాలు వేరు. తల నోట్లోకి, కాలు నిప్పుకు. తల మీద చిన్న ఆకుముక్కను జిగురుతో టోపీలా అతికిస్తారు. ఆ టోపీ అంచు సన్నటి గీతలా కనిపిస్తుంది. కోయాల్సింది గీతకు పైన, గోరు మందమే. గీత దాటి కింద కోస్తే పైఆకు చుట్టంతా విడిపోతుంది, ఇక కాల్చడానికి పనికిరాదు.

పనిముట్లు మూడు. ఒకటి రెండు రింగుల కట్టర్, మధ్యలో ఎదురెదురుగా రెండు బ్లేడ్లు. ఒక రింగులో బొటనవేలు, ఇంకోదాంట్లో నడిమివేలు. ఒక్క నొక్కుకు తెగాలి. మెల్లగా నొక్కితే తెగదు, నలుగుతుంది. రెండోది పేలిన తూటా ఖాళీ ఖోకా లాంటి చిన్న గొట్టం. తలలో గుచ్చి తిప్పితే గుండ్రటి బెజ్జం పడుతుంది. సగం కాలేసరికి ఆ బెజ్జంలో చేదు పేరుకుంటుంది. మూడోది నాగలి చాలులా గాడి కోసేది. ఒకసారి నర్సింగ్ అసిస్టెంట్ కట్లు కోసే కత్తెరతో ప్రయత్నించాను. చితికింది. కెప్టెన్ సాబ్‌కు రెండు రింగులదే ఇష్టం.

ఆ చలిలో సిగార్ ఎండుపుల్ల అవుతుంది. అందుకని గంట ముందే చొక్కా లోపల, ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. కట్టర్ కూడా అంతే. తోలు గ్లౌజు రింగులో దూరదు. అందుకే గుడిసెలో, స్టవ్ పక్కన, నూలు గ్లౌజుతోనే కోయాలి. ఇరవై లెక్కపెట్టేలోపు చెయ్యి తిరిగి పెద్ద గ్లౌజులోకి పోవాలి. ఆరో ఆదివారం వచ్చేసరికి నేను కోసిన టోపీ నాణెంలా ఊడి పడేది. అది చూసి నాకు గర్వం వచ్చింది. ఆ గర్వం మీద ఇప్పుడు ఉమ్మాలనిపిస్తుంది.

రేడియో ఆపరేటర్‌ది పానగల్ పక్క. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళం మేమిద్దరమే. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి. వాళ్ళది ఒగ్గుకథ చెప్పే ఇల్లు. తండ్రి కథ చెబుతుంటే వీడు డోలు కొట్టేవాడు. పోస్టులో డోలు ఎక్కడిది? ఖాళీ కిరోసిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కుడిచేతిలో గరిటె పట్టి వాయించేవాడు. హిందీవాళ్ళు కూడా తల ఊపేవాళ్ళు.

"ఇంటికి పోంగనె మొదలు డోలు మీద కట్టె పడాలె అన్నా," అనేవాడు. "పట్టు తప్పుతదేమో అని ఫికరైతాంది."

"పది వేళ్ళతోని దిగు, గదే సాలు," అనేవాణ్ణి.

డెబ్భయ్యో రోజున కెప్టెన్ సాబ్‌కు దగ్గులో నురగ పడింది. నలభై నిమిషాల్లో కిందికి పంపించారు. స్ట్రెచర్ మీద నుంచే రెండు సిగార్లు, కట్టర్ నా చేతిలో పెట్టారు. "దిగే రోజు నువ్వూ ఆపరేటరూ కాల్చండి," అన్నారు. ఆయన బతికారు.

ఎనభై తొమ్మిదో రోజు. సుబేదార్ సాబ్, నర్సింగ్ అసిస్టెంట్ ముందురోజే దిగిపోయారు. కొత్త నర్సింగ్ అసిస్టెంట్ మా హెలికాప్టర్‌లోనే రావాలి. ఆరు నలభై ఐదుకు నేను, ఆపరేటర్ హెలిప్యాడ్ మీద ఉన్నాం. చలి సున్నాకు ముప్ఫై నాలుగు కింద. ఏడు పదికి చేతి రేడియోలో కింది బేస్ క్యాంపు పలికింది.

"కింద మబ్బు. గంట ఆగండి. ఓవర్."

"గంట ఆగుతాం. ఓవర్," అన్నాడు వీడు. తర్వాత నావైపు తిరిగి, "అన్నా, సుట్ట ఇప్పుడే కోసుకుందామా? బేస్‌ల దిగంగనె ముట్టిచ్చుడే. ఒక్కసారన్న నేను కోస్త," అన్నాడు.

సిగార్ బయటి జేబులో ఉంది. వెచ్చబడలేదు. కట్టర్ కూడా అంతే. ఆ సంగతి నాకు తెలుసు. గుడిసెలోకి పోదాం అనాల్సింది. దిగిపోతున్నామన్న సంబరంలో ఆ మాట నోటికి రాలేదు.

"పటుక్కున కొరుకుదునా?" అని అడిగాడు.

"మొరటోని లెక్క కొరుకుడేంది? మంచిగ కొయ్యి," అన్నాను.

వాడు కుడిచేతి పై రెండు గ్లౌజులు తీసి చంకలో పెట్టుకున్నాడు. గాలికి అవి ఎగిరి గట్టు దాటి పోయాయి. నవ్వుకున్నాం. మూడుసార్లు నొక్కాడు. నూలు గ్లౌజు రింగుకు అతుక్కుపోయింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నాలుగోసారికి తెగింది. అప్పుడు వాడు, "అన్నా, వేళ్ళు ఉన్నయా లేవా తెలుస్తలేదు," అన్నాడు. అప్పటికి ఎంతసేపయిందో, ఇదొక్కటే నాకు కచ్చితంగా తెలియదు. గ్లౌజు ఊడదీశాను. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కొవ్వొత్తుల్లా తెల్లగా, గట్టిగా ఉన్నాయి.

శిక్షణలో చెప్పారు. ఒకసారి కాదు, పదిసార్లు చెప్పారు. మంచు కొరికిన వేళ్ళను రుద్దకూడదు. నిప్పు దగ్గర పెట్టకూడదు. గోరువెచ్చటి నీళ్ళలోనే ఉంచాలి. నాకు అదంతా కంఠస్థం. కానీ మా దొడ్లో ముసురుకు తడిసి బిగుసుకుపోయిన గొర్రెపిల్లను ఏం చేస్తాం? గొంగట్లో చుట్టి, బరబరా రుద్ది, మంట పక్కన పెడతాం. అరగంటలో కాళ్ళు ఆడిస్తుంది. చిన్నప్పటి నుంచి నా చేతుల్లో ఎన్ని పిల్లలు లేచి నిలబడ్డాయో. వాణ్ణి గుడిసెలోకి లాక్కుపోయి, నడుముకున్న గొంగడి ముక్క విప్పి రుద్దాను. స్టవ్ దగ్గర పట్టి మళ్ళీ రుద్దాను. పదిహేను నిమిషాలు. నా చెవులు పాఠం విన్నాయి గానీ, చేతులు వినలేదు.

"వేడి తగుల్తాందా తమ్మీ?"

"తగుల్తాంది అన్నా. మంచిగున్నది," అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

ఎనిమిది యాభైకి హెలికాప్టర్ వచ్చింది. కొత్త నర్సింగ్ అసిస్టెంట్ దిగుతూనే ఆ వేళ్ళు చూసి నా మొహం చూశాడు. బేస్ దవాఖానలో డాక్టర్ అడిగాడు. తోలు లేచిపోయి, నీటిబుడగల నిండా నెత్తురు.

"వీటిని రుద్దింది ఎవరు?"

నేను నోరు తెరిచాను. అంతకుముందే ఆపరేటర్ అన్నాడు, "నేనే రుద్దుకున్న, సార్."

నేను నోరు మూసుకున్నాను. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

వెంటనే కోయలేదు. డాక్టర్ వివరంగా చెప్పాడు. చచ్చిన కండ నల్లబడుతుంది, బతికినది ఎర్రగా ఉంటుంది, రెంటి మధ్యా గీత పడాలి, అప్పటిదాకా ఆగాలి, తొందరపడితే బతికినది కూడా పోతుంది. రుద్దకుండా ఉంటే గీత ఇంకా చివరికే పడేదని కూడా అన్నాడు. ఏడు వారాలకు గీత తేలింది. చూపుడువేలు, నడిమివేలు మొదలు దాకా పోయాయి. బొటనవేలు సగం పోయింది.

నేను సెలవు మీద ఇంటికి వచ్చాను. అరుగు మీద బాపు చుట్ట కొరికి ఉమ్మాడు. నేను లేచి దొడ్లోకి పోయాను. వెంట తీసుకుపోయిన గొంగడి ముక్క ఏదని బాపు అడిగితే, మంచులో పోయిందన్నాను.

నౌకరీ అయిపోయి వచ్చాక, పోయిన ఎండాకాలం పానగల్ పోయాను. రెండో సిగార్, కట్టర్ జేబులో ఉన్నాయి. వాడు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన డోలు, దాని మీద గుడ్డ కప్పి ఉంది.

"ఇప్పుడు నేను కథ చెప్తున్న అన్నా. డోలు మా తమ్ముడు కొడతడు," అన్నాడు. "కట్టెను చేతికి గుడ్డతోని కట్టుకోని సూశిన. దెబ్బ పడ్తది గని, దరువు పడ్తలేదు."

చెప్పాల్సింది చెప్పేశాను. రుద్దింది నేనని, డాక్టర్ ముందు నోరు మూసుకున్నది కూడా నేనేనని. క్షమించు అన్నాను.

"నాకు తెల్వదా? గొర్రెపిల్లను రుద్దినట్టు రుద్దితివి. పాపం, నీకు గదే తెలుసు. నీ నౌకరీ ఎందుకు పోవాలె నా వేళ్ళకు?" అన్నాడు. నేను ఏడ్చాను. వాడు ఏడవలేదు.

సిగార్ తీసి ఇచ్చాను. కట్టర్ కూడా పక్కన పెట్టాను. వాడు కట్టర్‌ను ముట్టుకోలేదు. ఎడమచేత్తో సిగార్ నోట్లో పెట్టుకుని, పటుక్కున కొరికి, వాకిట్లోకి ఉమ్మాడు.

"ఇట్ల కొరికితే అయిపోతుండె గద అన్నా," అన్నాడు నవ్వుతూ. ఎత్తిపొడుపు కాదు. ఉన్నమాటే అన్నాడు.

షాద్‌నగర్ బస్సులో నాకు కనిపించింది వాడి మొండి చెయ్యి కాదు. అది చూడ్డం అలవాటు చేసుకోగలను. ఇంకొకటుంది, ఏళ్ళుగా వదలడం లేదు. ఏడుంబావు. తెల్లటి ఎండ. గాలికి వాడి కనురెప్పల మీద మంచు. రింగుల్లో వేళ్ళు పెట్టి, సిగార్ తల నా మొహం దగ్గరికి ఎత్తి పట్టుకున్నాడు. నూలు గ్లౌజు లోపల ఆ వేళ్ళు అప్పుడే పాలిపోతూ ఉండాలి.

"అన్నా, గీతకు పైన్నే ఉన్నదా?"

నేను వంగి గీతనే చూశాను. వేళ్ళను చూడలేదు.

"ఆగు, కొయ్యకు," అన్నాను. "జర ఇంకా పైకి పెట్టు."